తొమ్మిదో బండ పేరు

మొన్నటి ఆదివారం కాదు, అంతకు ముందటి ఆదివారం, ప్రార్థన అయిపోగానే చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది కెజియా. ఆ పిల్ల మా గడప తొక్కి ఏడాది దాటింది. రావద్దని నేను నోటితో అనలేదు గానీ, ఫోను చేస్తే ఎత్తలేదు, పంపిన పుస్తకం కట్ట విప్పలేదు. పెద్దవాడి అలక అంతకంటే ఎలా ఉంటుంది? ఖాజాగూడ పాత ఊళ్లో, మూడు వైపులా మేడలు లేచిన సందులో మిగిలిపోయిన రెండు గదుల ఇల్లు మాది. వాకిట్లోకి ఎండ పది గంటలకు వచ్చి, పదకొండు కల్లా ఎదురు అద్దాల మేడ వెనక్కి పోతుంది. ఆ గంటసేపు కుర్చీ వేసుకుని పేపరు చదవడం నా అలవాటు. చెప్పులు విడిచిన చప్పుడుకే ఎవరో తెలిసింది. తల ఎత్తలేదు.

"తాతయ్యా, ఇంకా కోపం పోలేదా?"

"కోపమెందుకు బిడ్డా? కోప్పడనీకి నేనెవన్ని? కిరాయికిచ్చిన ఇంటాయన్ని."

"అబ్బో! ఇంటాయనైతే ఎండలో వచ్చినవాళ్లకి మంచినీళ్లయినా ఇస్తాడు."

అని తనే లోపలికి వెళ్లి, కుండలో నీళ్లు ముంచుకుని తాగి, నాకో గ్లాసు తెచ్చింది. ఇంకో చేతిలో కాగితాల కట్ట ఉంది. ఆ కట్ట చూసి నాకు ఒళ్లు మండింది. మనసులో ఎక్కడో, చూడాలని కూడా అనిపించింది. రెండూ నిజమే.

కెజియా ఎవరో చెప్పాలి. వాళ్లమ్మ సుగుణ నర్సు. ఏలూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి, నాలుగేళ్ల పిల్లను చంకనేసుకుని మా ముందు గది కిరాయికి అడిగింది. "పగలంతా నాకు డ్యూటీ ఉంటుందండి బాబాయిగారూ, పిల్ల అస్సలు అల్లరి చెయ్యదండి" అంది. చేసింది. అప్పటికి నేను ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దే పని మానేసి ఇంటిపట్టున ఉన్నాను. మధ్యాహ్నాలు ఆ పిల్లను డాబా ఎక్కించి, చుట్టూ కనిపించే గుట్టల మీది బండలను చూపించి, ఒక్కొక్కదాని పేరూ, కథా చెప్పేవాణ్ని. గొంగడి బండ, తల్లికోడి, ఉయ్యాల బండ, జంట గుమ్ములు, పొద్దుమొగం, ఎద్దుమూపు, చెవులపిల్లి, ముసలమ్మ కునుకు. ఎనిమిది. అన్నం ముందు కూర్చోగానే ఆ పిల్ల కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. వాళ్లమ్మ నేర్పిన మాటలు అయ్యాక, తన సొంతంగా, "ప్రభువా, గొంగడి బండను కాపాడు, తల్లికోడిని కాపాడు" అని ఎనిమిదింటినీ వరసగా అప్పజెప్పి ఆమేన్ అనేది. అన్నం చల్లారిపోయేది. ఒకనాడు కళ్లు తెరిచి, "తాతయ్యా, తొమ్మిది అన్నావుగా? తొమ్మిదోదాని పేరు చెప్పకపోతే దాని కోసం ఎలా ప్రార్థన చెయ్యను?" అని అడిగింది. నోరు జారి తొమ్మిది అన్నది నేనే. "దానికి నీ ప్రార్థన అక్కర్లే. తిను" అన్నాను. ఎందుకు అలా కసిరానో ఆ పిల్లకు తెలియదు.

ఆ పిల్ల పెద్దదై, చదువుకుని, కంప్యూటర్ల కంపెనీలో తప్పులు పట్టే ఉద్యోగంలో చేరింది. నేను అక్షరాల్లో పట్టినవి తను యంత్రాల్లో పడుతుందని వాళ్లమ్మకు చెప్పి నవ్వేవాణ్ని. ఉద్యోగం చేస్తూనే కథలు రాయడం మొదలుపెట్టింది. పన్నెండేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉన్న పిల్లల కోసం, చిన్నపిల్లల కథలకు పెద్దై, పెద్దల నవలలకు చిన్నయినవాళ్ల కోసం, మాయలూ మంత్రాలూ ఉన్న నవలలు. 'తొమ్మిది బండల దేశం' అని పేరు. మొదట ఫోనుల్లో వారానికో భాగం వచ్చేది. తర్వాత పుస్తకాలుగా వచ్చింది. నీల అనే పదిహేనేళ్ల పిల్లకు రాళ్ల మాట వినబడుతుంది. మొదటి పుస్తకంలో ఊరిని మింగడానికి గాజు సైన్యం వస్తే గొంగడి బండ మడత విప్పుకుని పిల్లలందరినీ కప్పేస్తుంది. అది చదివి, మూడోసారి చదివేటప్పుడు పెన్సిలు పట్టుకుని అచ్చుతప్పులు దిద్ది పంపాను. రెండోదాంట్లో నిప్పులు కక్కే రెక్కల పాము వచ్చింది. మన గుట్టల్లో ఉడుముంది, తేలుంది, కట్లపాము ఉంది, ఈ నిప్పుల పాము ఏ దేశం నుంచి దిగుమతి అని దెబ్బలాడాను. "చదివేవాళ్లకి కావాలి తాతయ్యా" అంది. మూడోది మాత్రం గొప్ప పుస్తకం. చచ్చిపోయిన తమ్ముణ్ని నీల ఉయ్యాల బండ మీద ఊపి, వదిలేసే చోట నేను పుస్తకం మూసి వాకిట్లోకి వెళ్లాల్సి వచ్చింది. నాలుగోది ఆవిష్కరించే రోజున మా ఇద్దరికీ చెడింది.

కోకాపేటలో ఎన్నో అంతస్తులో ఒక అద్దాల హాలు. కొత్త చొక్కా వేసుకుని మూడో వరసలో కూర్చున్నాను. చుట్టూ బడిపిల్లలు, కాలేజీ పిల్లలు, వాళ్ల చేతుల్లో నలిగిన పుస్తకాలు. నలిగిన పుస్తకం చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. వేదిక మీద ఒకాయన అడిగాడు, "ఇంత అందమైన పేర్లు మీకెక్కడ దొరికాయి?" అని. ఈ పిల్ల నవ్వి, "అన్నీ నా ఊహేనండి" అంది. చప్పట్లు. నేను లేచి వచ్చేశాను. లిఫ్టులో ఏ మీట నొక్కాలో తెలియక మూడుసార్లు పైకీ కిందికీ తిరిగాను. ఆ తిరుగుడులో కోపం ఇంకా ముదిరింది. మా నాయనమ్మ జీవితమంతా మోసిన పేర్లు! కొండలను మందు పెట్టి పేల్చి పట్టుకుపోయారు, సరే, అది మేం ఆపలేకపోయాం. పేర్లు కూడా పట్టుకుపోతారా?

కెజియా ఇంటికొచ్చిన ఆదివారం నాడు అదే అడిగాను. దాచుకోలేదు.

కెజియా కాగితాల కట్ట ఒళ్లో పెట్టుకుంది. "అబద్ధం చెప్పాలని చెప్పలేదు తాతయ్యా. ఆ నిమిషంలో నాకు నిజంగా అలాగే అనిపించింది. ఎవరో చెప్పినట్టు గుర్తు లేదు. పుట్టినప్పటి నుంచి తెలిసినట్టే ఉంది. నువ్వు లేచి వెళ్తుంటే వెనక నుంచి చూశాక గుర్తొచ్చింది, డాబా."

"గప్పుడు మైకుల చెప్పకపోయినవ్?"

"భయమేసింది."

కాగితాల కట్టలో మొదటి పుట తీసి నా ముందు పెట్టింది. ఐదో పుస్తకం, ఆఖరిది. ఆ పుటలో, ఈ కథలోని ఎనిమిది బండల పేర్లు ఖాజాగూడలో రాయి కొట్టిన ఎల్లవ్వవి, వాటిని నాకు చెప్పినవారు ఆమె మనవడు, ఇది ఇంతకు ముందే చెప్పవలసింది, చెప్పనందుకు సిగ్గుపడుతున్నాను, అని ఉంది. అందులో అచ్చుతప్పు ఒక్కటీ లేదు. ఆఖరి పుటల్లో మాత్రం, నీల తొమ్మిదో బండను పేరు పెట్టి పిలవాల్సిన చోట, ఖాళీ గీత ఉంది.

"అది నువ్వు చెప్పాలి. లేదంటే అలాగే వదిలేస్తాను. నా అంతట నేను మాత్రం పెట్టను" అంది. మాట మార్చడానికి కాబోలు, ఫోను తీసి, "ఈ పుస్తకమంతా ఎక్కడ కూర్చుని రాశానో చూడు. మా ఆఫీసు ఆవరణలో ఒక పెద్ద బండ ఉంది, రోజూ లంచ్ దాని నీడలోనే" అని బొమ్మ చూపించింది. గుడ్డులాంటి బండ. పడమటి వైపు కాస్త ఒరిగి, కింద ఇద్దరు కూర్చునేంత నీడ.

దాన్ని నేను అరవై ఏళ్లకు పైగా చూడలేదు. చూడకుండా ఉండటానికి చుట్టూ తిరిగి నడిచేవాణ్ని. చుట్టూ గోడ లేచాక, ఆ శ్రమ తప్పిందని సంతోషించాను కూడా.

"నన్ను ఆడికి తీస్కపోతవా?" అన్నాను.

తీసుకెళ్తానంది, కానీ పనిరోజున రావాలంది. ఆ మధ్యలో ఉన్న మూడు రోజులూ నేను ఆ ఇంట్లో ఉన్నట్టే ఉన్నాను గానీ, ఉన్నది మా నాయన కొలిమి దగ్గర.

మాది రాయి కొట్టే ఇల్లు. తెల్లారడమే కాల్చిన ఇనుము వాసనతో తెల్లారేది. ముందు రోజు మొద్దుబారిన ఉలులను మా నాయన సాయిలు కొలిమిలో పెట్టి, మేకతోలు తిత్తి ఊది, ఎర్రబడ్డాక సాగగొట్టి నీళ్లలో ముంచేవాడు. ఆ చుయ్‌మనే చప్పుడుకే నేను లేచేవాణ్ని. ఆ ఆవిరికి ఒక వాసన ఉంటుంది. ఇప్పటికీ కుక్కరు విజిల్ వేస్తే ఒక్క క్షణం అదేమో అనుకుని, కాదని తెలిసి, చిన్నబోతాను. అమ్మ నాకు గుర్తు లేదు. నాయనమ్మ ఎల్లవ్వే పెంచింది. కట్టెపుల్లలా ఉండేది, చుట్ట తాగేది, ఎవరైనా ఎక్కువ మాట్లాడితే చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకుని వెళ్లిపోయేది. మా ఇంట్లో చెయ్యి నాయనది, చెవి ఆమెది. ఏ బండకైనా ఉలి పెట్టే ముందు ఎల్లవ్వ చిన్న సుత్తితో మూడు చోట్ల కొట్టి, చెంప రాయికి ఆనించి వినేది. రాయి గంటలా మోగితే మంచిది, చీలమన్న చోట చీలుతుంది. మొద్దుగా, మట్టికుండ మీద కొట్టినట్టు పలికితే లోపల పగులుందన్నమాట. అలాంటి రాయి మధ్యలో తిరగబడి మనిషిని తింటుంది. నాకూ ఆ వినికిడి నేర్పింది. అన్నం తినేటప్పుడు కూడా సత్తు గిన్నె, కంచు గిన్నె, పగిలిన కంచం వరసగా కొట్టి, కళ్లు మూసుకుని చెప్పమనేది.

బడి మొహం నేను చూడలేదు. నాయన రోడ్డు పక్కన పాతే మైలురాళ్లు చెక్కేవాడు. వాటి మీద ఊళ్ల పేర్లు రాసే రంగులాయన పోతూ పోతూ ఒక అట్టముక్క మీద అక్షరాలన్నీ రాసి ఇచ్చాడు. నేను మొదట చదివిన పుస్తకం మైలురాయి. నేలమీద పడుకుని చదివేవాణ్ని, ఎందుకంటే పాతకముందు రాళ్లు పడుకునే ఉంటాయి. ఇవాళ ఒక్కొక్క బడి చూస్తే రాజుల కోటలా ఉంది, బస్సు చల్లగా ఉంటుంది, పిల్ల బయటికొస్తే సొంత భాషలో నాలుగు ముక్కలు చదవలేదు. నాకెందుకులే. చదివే పిల్లలను కూడా కోకాపేటలో చూశాను, కాదనను.

మా పనిలో ఒక కట్టు ఉండేది. పేరున్న రాయికి ఉలి పెట్టకూడదు. ఎప్పుడో ఒక పనివాడికి ఎండలో నీడిచ్చిన రాయికో, వానలో తల దాచిన రాయికో పెద్దలు పేరు పెట్టేవాళ్లు. పెట్టారంటే దాన్ని ఇక ఎవరూ ముట్టరు. మా ఇల్లే కాదు, గుట్ట చుట్టూ ఉన్న అన్ని ఇళ్లూ ఈ మాట మీద నిలబడేవి. అలాగని పేర్లు ఊరికే పెట్టేవాళ్లు కాదు. పెడితే ఏం తినాలి? తరతరాలకీ కలిపి ఎనిమిదే పేర్లున్నాయంటే అందుకే.

మధ్యాహ్నం రొట్టెల మూట మోసుకెళ్లడం నా పని. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, ఉల్లిగడ్డ. నాయన ఒక బండ నీడలో కూర్చుని తినేవాడు, మొదటి రొట్టె తుంట రాయి వాటా అని దాని మొదట్లో పెట్టి. తిన్నాక కాళ్లు చాపుకుని పావుగంట కళ్లు మూసుకునేవాడు. రోజు మొత్తంలో నాయన చేతిలో సుత్తి లేకుండా నేను చూసేది ఆ పావుగంటే. ఆ బండకు నేను మనసులో ఒక పేరు పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. పిల్లలు పెట్టుకునే పేరు, అంతే.

ఒకరోజు మేస్త్రి ఆ బండకే సున్నంతో గీత గీశాడు. మర్నాడు పొద్దున పనివాళ్లు సమ్మెటలతో చుట్టూ చేరారు. నాకు తొమ్మిదేళ్లుంటాయి. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం, బండకు వీపు ఆనించి నిలబడ్డాను.

"దీన్ని కొట్టొద్దు. దీనికి పేరుంది."

మేస్త్రి నవ్వాడు. "ఏయ్ సాయిలూ, నీ కొడుకు పెద్దమనిషైండు గదనే! ఏం పేరురా?"

చెప్పాను. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"గా పేరు మేమెన్నడు ఇన్లేదే. ఎవరు పెట్టిండ్రు?"

"మా తాత పెట్టిండు. నాకు చెప్పిండు."

"మీ తాత సచ్చేటప్పుడు నీకు మూడేండ్లు లెవ్వు గదరా!"

"గప్పుడే చెప్పిండు."

అందరూ గొల్లున నవ్వారు. నాయన నవ్వలేదు. నా దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, "నిజమేనారా?" అన్నాడు. తలూపాను. నాయన లేచి, "అవ్వను పిలువుండ్రి" అన్నాడు.

ఎల్లవ్వ వచ్చింది. విషయం విని చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకుంది. చిన్న సుత్తి తీసుకుంది. "చెవి పెట్టుడెందుకు ముసలమ్మా, నీ చెవి కత పక్కకు పెట్టు. పేరుందా లేదా, గది చెప్పు" అని మేస్త్రి విసుక్కున్నాడు. ఆమె వినిపించుకోలేదు. బండకు మూడు చోట్ల కొట్టింది. ఆఖరిది పడమటి వైపు, కింద. చెంప ఆనించి చాలాసేపు ఉంది. తాత ఏ రాయికీ పేరు పెట్టలేదని ఆమెకు తెలుసు. పెట్టి ఉంటే ముందు తెలిసేది ఆమెకే. లేచి నా వైపు ఒక్కసారి చూసింది.

"నిజమే. మా ఆయన పెట్టిన పేరే. నేనే మర్చిపోయిన."

నాయన తన తలగుడ్డ తడిపి ఆ సున్నపు గీత తుడిచేశాడు. మేస్త్రి తిట్టుకుంటూ గుట్ట అవతలి పక్కన ఇంకో బండకు గీత గీశాడు. నాలుగు రోజుల తర్వాత, ఎల్లవ్వ జీడిమెట్ల వైపు కూతురింటికి వెళ్లినప్పుడు, నాయన దాని మీద పని మొదలుపెట్టాడు. ఆయనే కొట్టి చూసుకున్నాడు. మోగిందట. మోగిన రాయి మోసం చేయదంటారు. అది చేసింది. సగం చీలాక పక్కకు తిరిగి జారింది. నేను రొట్టెల మూట తీసుకుని వెళ్లేసరికి నాయనను మంచం మీద వేసి దవాఖానకు మోసుకుపోతున్నారు. కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది.

ఎల్లవ్వ తిరిగొచ్చాక నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేనే ఏడుస్తూ కాళ్లు పట్టుకుంటే, తల మీద చెయ్యి వేసి, "పేరు పెట్టినంక మొయ్యాలె బిడ్డా" అంది. అంతే. చచ్చిపోయేదాకా మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు. నేను తొమ్మిదేళ్లకే అర్థం చేసుకున్నది ఒకటి: మంచి బండను నేను అబద్ధంతో కాపాడి, మా నాయనను చెడ్డ బండ కిందికి పంపాను.

చెయ్యి పోయాక నాయన ఊళ్లో తోటలకు కాపలా కాశాడు. ఎడమచేత్తో తినడం నేర్చుకున్నాడు. మధ్యాహ్నమైతే మాత్రం నడుచుకుంటూ ఆ బండ దగ్గరికే వెళ్లి, మొదటి తుంట పెట్టి, కూర్చునేవాడు. "మా అయ్య నాకు నిలవెట్టిన నీడరా అది. నాకు తెల్వకపాయె" అనేవాడు ఇంటికొచ్చాక నాతో. ఎన్నిసార్లో అన్నాడు. అన్నప్పుడల్లా చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. చెబితే ఆయనకు తండ్రి ఇచ్చిన ఆ ఒక్క నీడా పోతుంది. చెప్పలేదు. నాయన ఆ నమ్మకంతోనే పోయాడు. నేను సుత్తి వదిలేసి అట్టముక్క అక్షరాలు పట్టుకుని ప్రెస్సులకు వెళ్లిపోయాను. ఇతరుల తప్పులు దిద్దుతూ బతికాను.

గురువారం కెజియా కారు పంపింది. సంచిలో నాయన చిన్న సుత్తి పెట్టుకున్నాను. గేటు దగ్గర కెజియా ఎదురొచ్చింది. యంత్రం కూతపెట్టింది, సెక్యూరిటీ అబ్బాయి ఆపాడు.

"పెద్దాయనా, గిదేంది సంచిల?"

"సుత్తి."

"ఆఫీసులకు సుత్తి ఎందుకే?"

"లోపట రాయి ఉంది గదా, దాన్ని పలకరియ్యనీకి."

సెక్యూరిటీ అబ్బాయి కెజియా వైపు చూశాడు. "మేడమ్, జర చెప్పుండ్రి. నన్ను పరేషాన్ చెయ్యకు పెద్దాయనా, నా నౌకరి పోతది. సుత్తి ఈడనే ఉంటది, పోంగ తీస్కపో. ఫికర్ చెయ్యకు, బంగారం లెక్క చూస్కుంట." చొక్కాకు నా ఫొటో ఉన్న కాగితం అంటించారు. పుట్టిన ఊళ్లోకి అతిథిగా వెళ్లడం కూడా చూశాను.

బండ చుట్టూ గడ్డి, తెల్లటి గులకరాళ్లు, నేలలో పాతిన దీపాలు. పక్కన ఇంగ్లీషులో ఒక పలక. కెజియా చదివి చెప్పింది: 'ది ఎగ్'. నా రక్తం మళ్లీ పొంగింది. "గుడ్డా? వీళ్ల మొహాలకు గుడ్డే కనవడ్డదా?" అని అరిచాను. ఇద్దరు ముగ్గురు కాఫీ కప్పులతో తిరిగి చూశారు.

"తాతయ్యా, మెల్లగా. దీన్ని బండ్ల పార్కింగు కోసం తీసేద్దామనుకున్నారు. నేనే ఓటింగు పెట్టించాను, ఉద్యోగులంతా కలిసి పేరు పెడదామని. మూడువేలమంది ఓట్లేశారు. నేను ఇచ్చిన పేరు ఓడిపోయింది, గుడ్డు గెలిచింది. కానీ పేరు పెట్టాక తియ్యడానికి వాళ్లకి మొహం చెల్లలేదు. పలక పెట్టి వదిలేశారు."

"గిట్ల చెయ్యాలని నీకెవరు చెప్పిండ్రు?"

"నువ్వే. డాబా మీద. పేరున్న రాయికి ఉలి పెట్టరని."

వంగి ఒక గులకరాయి తీసుకున్నాను. ఇంతకు ముందు ఈ బండను ఒక్కసారైనా నేను కొట్టి చూడలేదు. నేర్చుకున్న చెవి ఉండి కూడా చూడలేదు. తూర్పు వైపు కొట్టాను. మోగింది. మధ్యలో కొట్టాను. మోగింది. పడమటి వైపు కష్టం మీద కూర్చుని, కింద, ఎల్లవ్వ ఆఖరిసారి కొట్టిన చోట కొట్టి, చెంప ఆనించాను.

మట్టికుండ.

ఇంకోసారి కొట్టాను. మట్టికుండే.

అక్కడే కూర్చుండిపోయాను. ఆ రోజు ఆమె వినలేదా దీన్ని? విన్నది కాబట్టే అంతసేపు చెంప ఆనించి ఉందా? పగులుంది, కొట్టొద్దు అంటే మేస్త్రి ఆమె చెవిని లెక్కచేసేవాడు కాదు. ఇంకో జట్టును పెట్టయినా కొట్టించేవాడు. పేరును మాత్రం ఎవరూ కాదనరు. నా అబద్ధం ఆమె చేతికి అందిన కర్ర. దీని కింద పడి ఉంటే నాయనకు పోయేది చెయ్యి కాదు. అలా అయితే అరవై ఏళ్లు నేను మోసింది తప్పుడు బరువు. కాదు, అంత సులువుగా వదలను. చుట్టూ ఎన్ని పునాదులకు మందు పేల్చారో, ఆ అదురుకు ఈ మధ్యే పగిలిందేమో. రాయి తన పగులు ఏనాటిదో చెప్పదు. చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకుని వెళ్లిపోయింది.

కెజియా నా పక్కన గడ్డిలో కూర్చుంది. మొత్తం చెప్పాను. మనిషికి చెప్పడం అదే మొదలు. చెబుతుంటేనే నాకు తట్టింది: ఊరివాళ్ల పేర్లను ఈ పిల్ల తన ఊహ అంది. నేను నా ఊహను తాత పేరన్నాను. ఈ పిల్లకు చప్పట్లు కొట్టారు, నాకు సున్నపు గీత తుడిచారు. ఏ మొహం పెట్టుకుని ఏడాది పాటు అలిగాను?

"మరి పుస్తకంలో దీనికి పేరు ఎవరు పెట్టారని రాయను?" అంది.

"నేను పెట్టిన్నని రాయి. అబద్ధమాడి పెట్టిన్నని గూడ రాయి."

"పేరు?"

మేస్త్రి ముందు అన్న తర్వాత నా నోటితో నేను దాన్ని పలకలేదు. నాయన పలికేవాడు, రోజూ, మధ్యాహ్నం అటు బయల్దేరేటప్పుడు. చెప్పాను.

"నీడయ్య."

రాసుకుంటుందనుకున్నాను. రాసుకోలేదు. తన లంచ్ డబ్బా మూత తీసి, చపాతీలు మా ఇద్దరి మధ్యా పెట్టి, చున్నీ తల మీదికి లాక్కుని కళ్లు మూసుకుంది. వాళ్లమ్మ నేర్పిన మాటలు అయ్యాయి. తర్వాత, చిన్నప్పటి వరసలోనే, మిగిలినవీ, పేల్చేసినవీ అన్నిటినీ, గొంగడి బండ, తల్లికోడి, ఉయ్యాల బండ, జంట గుమ్ములు, పొద్దుమొగం, ఎద్దుమూపు, చెవులపిల్లి, ముసలమ్మ కునుకు అని, ఒక్క క్షణం ఆగి, "నీడయ్యను కాపాడు ప్రభువా, ఆయన నీడలో తిన్న సాయిలు తాతను నీ దగ్గర చల్లగా కూర్చోబెట్టు" అంది.

ఆమేన్ అనడం నా అలవాటు కాదు. ఒక తుంట తుంచి, రాయి మొదట్లో, తెల్ల గులకరాళ్ల మధ్య పెట్టి, తినడం మొదలుపెట్టాను.